దొరగారు చూసిన రెండువందల పద్నాలుగు ముఖాలు

ఆ ఆఫీసులో అతన్ని దొరగారు అనేవాళ్ళు. దొరతనం ఏమీ లేదు. రెండో అంతస్తులో, కిటికీకి వీపు పెట్టి, కంప్యూటరు ముందు కూర్చుని కోడు రాసుకునే మనిషి. అతని కుర్చీకి ఒక చక్రం లేదు. చొక్కాలు నాలుగు, నాలుగూ ఒకే రంగు. పేరెందుకు వచ్చిందంటే, మెట్ల మీద ఎదురుపడి నవ్వితే అతను నవ్వడు. వీధిలో కనబడితే పలకరించడు. ఆరేళ్ళ కిందట ఒక ఆదివారం సెలూన్లో మేనేజరు పక్క కుర్చీలోనే అరగంట కూర్చుని, జుట్టు కత్తిరించుకుని, లేచేటప్పుడు ఆయన వైపు ఒకసారి చూసి, గోడను చూసినట్టు చూసి వెళ్ళిపోయాడు. మర్నాడు మేనేజరు నలుగురిలో ఆ సంగతి చెప్పి, "మన దొరగారి కంటికి మనం ఆనలేదయ్యా" అన్నాడు. పేరు ఆ పూటే అంటుకుంది. అంటుకున్న పేరును గోకినా పోదు కాబట్టి అతను గోకలేదు.

అసలు సంగతి, అతనికి ముఖాలు నిలవవు.

కళ్ళు బాగానే ఉన్నాయి. డాక్టరు చూపించిన పట్టికలో చివరి వరుస దాకా చదివేస్తాడు. ఎదుటి మనిషి కన్ను కనిపిస్తుంది, ముక్కు కనిపిస్తుంది, పెదవి పక్కన పుట్టుమచ్చ కూడా కనిపిస్తుంది. అవన్నీ కలిసి ఒక మనిషి కావడం మాత్రం జరగదు. చూపు తిప్పాడా, నీళ్ళ మీద రాత. మళ్ళీ చూస్తే మళ్ళీ కొత్త మనిషి. మనందరికీ ముఖం ఒక ఇల్లయితే అతనికి అది రెండు కిటికీలు, ఒక తలుపు, కొన్ని ఇటుకలు. ఎవరో తెచ్చి కుప్ప పోసి, కట్టకుండా వెళ్ళిపోయారు.

అయిదేళ్ళ వయసులో బజారులో అమ్మ చెయ్యి వదిలి, అమ్మ గొడుగులాంటి నీలం గొడుగు వెంట రెండు వీధులు నడిచాడు. గొడుగు కిందున్న ఆవిడ వెనక్కి తిరిగి, "ఎవరి పిల్లాడివి నాయనా?" అంటే, "నీ పిల్లాణ్ణే" అన్నాడు. ఆవిడ ఏడ్చినంత పని చేసింది. ఇంటికి చేరాక అమ్మ కొట్టలేదు. నడుముకి తాళాల గుత్తి కట్టుకుంది. "నా మొహం చూడకురా. ఈ చప్పుడు విను" అంది. బీరువా ఒకటే, తలుపు ఒకటే, గుత్తిలో తాళాలు మాత్రం పదకొండు. వాటిలో తొమ్మిది ఏ తలుపువీ కావు.

అప్పటి నుంచి అతను మనుషుల్ని పాదాల దగ్గర మొదలుపెట్టి చదవడం నేర్చుకున్నాడు. మేనేజరుది ఎడమ కాలు కొంచెం ఈడుస్తుంది: ఒక టప్పు, ఒక జర్రు. అకౌంట్సు ఆయన మెట్టు మెట్టుకీ గొంతు సవరించుకుంటాడు. మనిషి కూర్చుని, కాళ్ళు దాచుకుని, నోరు మూసుకుంటే మాత్రం అతనికి ఆ మనిషి లేనట్టే. సెలూన్లో కుర్చీలో కూర్చోబెట్టి గుడ్డ కప్పుతారు. ఆ సంగతి మేనేజరుకు ఎవరూ చెప్పలేదు.

చెప్పవలసినవాడు చెప్పలేదు. ఒకసారి చెప్పి చూశాడు, మొదటి ఉద్యోగంలో. అక్కడివాళ్ళు చొక్కాలు మార్చుకుని వచ్చి ముందు నిలబడి, "ఎవరో చెప్పుకో చూద్దాం" అనేవాళ్ళు. భోజనాల వేళ కొత్తవాళ్ళను పిలిచి మరీ చూపించేవాళ్ళు. ఆరు నెలలు చెప్పుకుని, ఏడో నెల మానేశాడు. ఇక్కడికొచ్చి పదకొండేళ్ళయింది. నవ్వులపాలైనవాడి కంటే పొగరుబోతుకు ప్రశాంతత ఎక్కువని ఈ పదకొండేళ్ళలో తెలుసుకున్నాడు.

భార్యకు తెలుసు. ఆవిడ దర్జీ. పెళ్ళయిన రెండో వారం బజారులో ఆవిడ పక్కనుంచే వెళ్ళిపోతే, మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు అతను చెప్పాడు. ఆవిడ సూదిలో దారం ఎక్కించడం పూర్తిచేసి, ముడి వేసి, పళ్ళతో తెంపి, "పోనీలెండి. రోజూ కొత్త పెళ్ళాం. ఎంతమందికి దొరుకుతుంది?" అంది. ఆ రోజు నుంచి ఎక్కడికెళ్ళినా మెడలో పసుపుపచ్చ కొలత టేపు వేసుకునే వెళ్తుంది. తీయడం మరిచిపోయిందని జనం అనుకుంటారు. అనుకోనిచ్చింది.

ఆ కంపెనీ పని ఇళ్ళకు మెకానిక్కులను పంపడం. కుళాయి కారినా, ఫ్యాను ఆగినా, ఏసీ చల్లబడకపోయినా, వెబ్‌సైటులో నొక్కితే మనిషి వస్తాడు. అలా వెళ్ళేవాళ్ళు రెండువందల పద్నాలుగు మంది. ఉద్యోగంలో చేరిన వరుసలో ఒక్కొక్కరికీ ఒక నంబరు. ఒకటో నంబరు ప్లంబరు అందరికంటే పాత మనిషి. ఒకనాడు పైపు విరిగి తగిలి అతని కుడి కనుబొమ్మ మధ్యలో తెగిపోయింది, దారిలో వంతెన కొట్టుకుపోయినట్టు.

ఒకరోజు ఒక కస్టమరు ఫోను చేసి, "తలుపు కొట్టినవాడు మీవాడో కాదో నాకెలా తెలుస్తుంది? మొహం చూపించండి, తలుపు తీస్తాను" అంది. మాట సబబుగానే ఉంది. మేనేజరు అందర్నీ పిలిచి, ఇకనుంచి ఎవరొస్తున్నారో వాళ్ళ ఫోటో చిన్న గుండ్రంలో కస్టమరుకు ముందే కనిపించాలన్నాడు. పని ఎవరికి ఇవ్వాలో ఆలోచించడానికి గది చుట్టూ చూసి, "దొరగారూ, మీరే చూడండి. మనుషుల మొహాలు చూసే అలవాటు కూడా అవుతుంది" అన్నాడు.

గదిలో అందరూ నవ్వారు. నవ్వినవాళ్ళు ఎవరెవరో అతను నవ్వుల్ని బట్టి పోల్చుకున్నాడు.

పని మాత్రం బాగా చేశాడు. అంత శ్రద్ధగా చేస్తే అది పనిలా కాక వ్రతంలా ఉంటుంది. నలుచదరపు ఫోటోను గుండ్రంలో పెడితే మూలలు పోతాయి, మూలలతో పాటు చెవులూ, టోపీలూ పోతాయి. చెవి పోని గుండ్రం కోసం మూడు రోజులు కూర్చున్నాడు. ఫోటో పెట్టనివాళ్ళకు బూడిదరంగు నీడ బొమ్మ ఒకటి గీశాడు: ఒక తల, రెండు భుజాలు, లోపల ఏమీ లేదు. ఆ బొమ్మను చాలాసేపు చూశాడు. అతనికి లోకమంతా అలాగే ఉంటుంది కాబట్టి బాగా కుదిరింది.

ఫోటోగ్రాఫరు వచ్చి కింది హాల్లో తెల్ల గుడ్డ కట్టి, రెండు రోజుల్లో అందరినీ తీశాడు. అందరికీ ఒకే నీలం చొక్కా, ఒకే టోపీ. నంబర్ల వరుసలోనే నిలబెట్టి తీశాడు కాబట్టి ఫోటోలకు కూడా ఒకటి నుంచి రెండువందల పద్నాలుగు దాకా నంబర్లు పెట్టి ఇచ్చాడు. మిగిలిన వెలుతురులో ఆఫీసువాళ్ళను పన్నెండు మందిని తీశాడు. అవి తర్వాత పెట్టుకోవచ్చని పక్కన పెట్టారు.

ఆ కంపెనీలో ఒక నియమం. ఏ మార్పు అయినా సరే, టెస్టర్ చూసి టిక్ పెట్టనిదే బయటికి పోకూడదు. టెస్టర్ యాభై దాటిన మనిషి. పదిహేనేళ్ళుగా ఆ టిక్ ఆవిడదే. ఎవరేం చేసుకొచ్చినా, "ఏదీ, పరీక్షకు రా" అనేది కాబట్టి అందరూ ఆవిడను పరీక్షలమ్మ అనేవాళ్ళు. అతను మాత్రం అక్కా అనేవాడు. ఆవిడ ఎక్కడికెళ్ళినా ఒక సొట్ట స్టీలు నీళ్ళసీసా వెంట ఉండేది. బల్ల మీద పెడితే అది నిలబడక ముందు రెండుసార్లు కుంటేది. అతనికి ఆవిడ ముఖం అదే.

బుధవారం మధ్యాహ్నం ఆవిడకు పన్ను పీకారు. ఆ సాయంత్రమే ఫోటోలు బయటికి పోవాలి. ఆవిడ డాక్టరు దగ్గర నుంచి ఫోను చేసింది.

"దొరా, నా లాగిన్ తెరిచే ఉంది. నువ్వే చూసి టిక్ పెట్టెయ్యి."

"నేనా అక్కా?"

"మొహాలే కదా. కోడా, కొరివా? ఒక్కొక్కటీ చూడు. రోజూ మెట్ల మీద కనిపించేవాళ్ళేగా."

అక్కడ అతను ఒక మాట చెప్పి ఉండవలసింది. ఆ మాట నోటి దాకా వచ్చింది. మొదటి ఉద్యోగంలో చొక్కాలు మార్చుకుని వచ్చినవాళ్ళు వరుసగా గుర్తొచ్చారు, అంటే చొక్కాలు గుర్తొచ్చాయి. "సరే అక్కా" అన్నాడు.

గంటన్నర చూశాడు. పరీక్ష పేజీలో వరుసగా గుండ్రాలు, ఒక్కో గుండ్రం కింద ఒక నంబరు. ఒకటో నంబరులో కనుబొమ్మ తెగి ఉంది. అతనికి తెలిసిన ముఖం లోకంలో ఏదైనా ఉంటే అదొక్కటే. అది దాని చోట ఉందంటే మిగతావీ ఉన్నట్టేననుకున్నాడు. అయినా ఒక్కటీ వదల్లేదు. ఎక్కడ చెవి తెగిందో, ఎక్కడ గడ్డం కిందికి జారిందో చూసి సర్దాడు. తొంభై మూడో నంబరులో జుట్టు ముడి అంచుకు తగులుతుంటే గుండ్రాన్ని నాలుగు పిక్సెళ్ళు పైకి జరిపాడు. అన్నీ చక్కగా ఉన్నాయి. టిక్ పెట్టి ఇంటికెళ్ళాడు.

గురువారం ఉదయం తొమ్మిదిన్నరకు నలభై ఒక్క మంది మెకానిక్కులు నలభై ఒక్క తలుపుల బయట నిలబడి ఉన్నారు. ఏ తలుపూ తెరుచుకోలేదు.

కింది అంతస్తులో ఫోన్లు మోగాయి. ఒక ముసలావిడ చాలా ఓపిగ్గా చెప్పింది: "తలుపు సందులోంచి చూస్తే మనిషి పుల్లలా ఉన్నాడు. మీ గుండ్రంలోవాడు బూరెబుగ్గలతో ఉన్నాడు. అరగంటలో ఎవరూ అంత చిక్కిపోరమ్మా." నూట ఎనభై రెండో నంబరు ఏసీ బాగుచేసే అమ్మాయి. ఆమె మూడో అంతస్తు ఎక్కి గంట కొడితే, ఇంటావిడ గొలుసు తీయకుండానే, "మీసాలాయన ఏడీ?" అంది. "ఆయన రాడండీ. నేనే ఆయన్ని" అని ఆ అమ్మాయి ఉన్నమాటే చెప్పింది. ఇంటావిడ వాచ్‌మన్‌ను పిలిచింది. తొంభై మూడో నంబరు ఎలక్ట్రీషియన్ ఫోను చేసి, "సార్, నిన్నటిదాకా నేను మగాణ్ణే. ఇవాళ మీ వెబ్‌సైటు ఇంకోలా అంటోంది. ఇంట్లో ఏమని చెప్పమంటారు?" అని అడిగాడు.

ఒకటో నంబరు ప్లంబరు ఒక్కడే, మధ్యాహ్నానికి నాలుగు ఇళ్ళు ముగించుకుని వచ్చి, "ఏమిటీ గోల? నన్నెవరూ ఏమీ అనలేదే" అన్నాడు.

తప్పు ఎక్కడుందో దొరగారికి నాలుగు నిమిషాల్లో దొరికింది. ఫోటోలను వరుసగా తీసుకుని, మనుషులకు వరుసగా అంటించమని కంప్యూటరుకు చెప్పాడు. ఏ వరుసో చెప్పలేదు. ప్రత్యేకించి చెప్పకపోతే అది అంకెల్ని అంకెల్లా చూడదు, అక్షరాల్లా చూస్తుంది. నిఘంటువులో 'క' మాటలన్నీ అయ్యాకే 'ఖ' వచ్చినట్టు, ఒకటితో మొదలయ్యేవన్నీ అయ్యాకే దానికి రెండు వస్తుంది. ఒకటి, పది, నూరు, నూట ఒకటి, అలా నూట పదకొండు ఫోటోలు అయ్యాక అప్పుడు రెండు. రెండువందల పద్నాలుగు మందిలో సొంత ముఖంతో బయటపడ్డవాడు ఒక్కడే, ఆ ఒకటో నంబరు. మిగతా రెండువందల పదమూడు మంది ఒకరి ముఖం ఒకరు పెట్టుకుని ఊరంతా తిరుగుతున్నారు.

ఇది ఎవరైనా చేయగల తప్పే. రెండో గుండ్రం చూడగానే ఎవరైనా పట్టుకోగల తప్పు కూడా. ఒక్క అతను తప్ప.

ఫోటోలన్నీ తీసేసి, అందరికీ బూడిద నీడలు పెట్టాడు. తలుపులు తెరుచుకోవడం మొదలైంది. ముఖమే లేనివాణ్ణి నమ్మడం జనానికి అలవాటే.

పదకొండు గంటలకు ఎవరో వచ్చి అతని బల్ల ముందు నిలబడ్డారు. ఒక బుగ్గ ఉబ్బి, నోట్లో దూది ఉండి, గొంతు బావిలోంచి వచ్చినట్టుంది. ఎవరో కస్టమరు పైకి వచ్చేసిందనుకుని, "ఫిర్యాదులు కింద అంతస్తులోనండీ" అన్నాడు.

స్టీలు సీసా బల్ల మీద పడి రెండుసార్లు కుంటింది.

"అక్కా" అన్నాడు, లేచి నిలబడి.

"ఫిర్యాదులు కిందకా? అక్కడికే పంపుతున్నారు నన్ను. సోమవారం నుంచి ఫోన్ల దగ్గర కూర్చోవాలిట. టిక్ నా పేరు మీద ఉంది కదా. చూసి వదిలేశాను కదా."

"మీరు చూడలేదని చెప్పలేదా?"

"లాగిన్ ఇంకొకరికి ఇచ్చానని చెప్పమంటావా? అది ఇంకో తప్పు. నాలుగింటికి మేనేజరు పిలుస్తానన్నాడు, బదిలీ కాయితం చేతికిస్తాట్ట." ఆవిడ దూదిని నాలుకతో పక్కకు జరుపుకుంది. "ఒక్క సంగతి చెప్పు. ఒక్కొక్కటీ చూడమన్నానా?"

"చూశాను అక్కా."

"చూడలేదని ఒప్పుకో. బద్ధకించావు, పని త్వరగా తెముల్చుకుని పోయావు. మనిషన్నాక సహజం. క్షమించేస్తాను."

"రెండొందల పద్నాలుగూ చూశాను."

"చూసి, ఆ పిల్ల మొహాన మీసాలు చూసి, బాగుందని టిక్ పెట్టావా?"

అతను సీసా సొట్టనే చూస్తూ నిలబడ్డాడు.

"అయితే అది కక్షే" అంది ఆవిడ, చాలా మెల్లగా. "పదకొండేళ్ళలో నీకు నేనేం చేశానో గుర్తు రావడం లేదు. గుర్తొస్తే చెబుతాను." సీసా తీసుకుని వెళ్ళిపోయింది.

భోజనాల వేళ అతను మెట్ల కింద నిలబడి భార్యకు ఫోను చేశాడు. అటు కుట్టుమిషను ఆగింది. అంతా విన్నాక ఆవిడ, "చెప్పెయ్యండి" అంది.

"చెబితే నవ్వుతారు."

"ఇప్పుడేమనుకుంటున్నారు?"

"పొగరుబోతు అనుకుంటున్నారు."

"ఆవిడ?"

"పగబట్టాననుకుంటోంది."

"చూశారా, మీకు రేటు పెరిగింది" అంది. కత్తెర ఒకసారి చప్పుడు చేసింది. తర్వాత, "మీ నోట్లో ఒక్క మాట ఉంది. అది ఆవిడ కుర్చీ. మింగితే ఆవిడ కుర్చీ మింగినట్టే. అది అరగదండీ" అంది. మిషను మళ్ళీ మొదలైంది. ఎప్పుడు ఫోను పెట్టేయాలో ఆవిడ ఎప్పుడూ మిషనుతోనే చెబుతుంది.

నాలుగు గంటలకు మేనేజరు గదిలో ఆరుగురు కూర్చున్నారు. బల్ల మీద కాయితం ఉంది. మేనేజరు దాన్ని చేతిలోకి తీసుకుని, "నియమం నియమమే. ఆవిడ టిక్ ఉంది, కాబట్టి..." అంటుండగా దొరగారు లేచాడు.

"ఆ టిక్ నేను పెట్టాను సార్."

పరీక్షలమ్మ తల తిప్పింది.

"నువ్వా? చూడకుండానే?" అన్నాడు మేనేజరు.

"చూశాను సార్. గంటన్నర చూశాను. తొంభై మూడులో కొప్పు తెగుతుంటే నాలుగు పిక్సెళ్ళు జరిపాను కూడా."

"తొంభై మూడు మగాడయ్యా!"

"ఇవాళ తెలిసింది సార్."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. అతను బల్ల అంచు పట్టుకున్నాడు. పదకొండేళ్ళ ప్రశాంతతను ఒకసారి చివరిసారిగా చూసుకున్నాడు. దానికీ ముఖం లేదు.

"నాకు ముఖాలు గుర్తుండవు సార్. ఎవరివీ. చిన్నప్పటి నుంచీ అంతే. ఎదురుగా ఉన్నంతసేపే. అది కూడా ముక్కలు ముక్కలుగా."

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. "ఇదొకటా? ఇతనెవరు?" అని పక్కకు చూపించాడు.

"అకౌంట్సు ఆయన."

"ఈవిడ?"

"ఫోన్ల సెక్షను మేడమ్."

"ఆ మూలన?"

"స్టోర్సులో చేస్తాడు. మోకాలు ఊపుతున్నాడు."

"అందర్నీ చెప్పేశావుగా! ఇంక రోగమేమిటి?"

ఎన్నో ఏళ్ళు కష్టపడి కూడబెట్టుకున్న విద్య, కావలసిన రోజున ఎదురు తిరిగింది. అప్పుడు పరీక్షలమ్మ లేచింది. అవతల పన్ను పోయినా ఇవతల వృత్తి పోలేదు. "అలా కాదు పరీక్ష" అంది. కంప్యూటరులో పక్కన పెట్టి ఉంచిన పన్నెండు ఆఫీసు ఫోటోల్లోంచి ఒకటి తీసి, గోడ మీది తెరపై గుండ్రంగా పెట్టింది. నడక లేదు, గొంతు లేదు, చెప్పుల్లేవు. ఒక్క ముఖం.

"ఇదెవరు?"

అతను చాలాసేపు చూశాడు.

"మగమనిషి" అన్నాడు. "యాభై దాటి ఉంటాయి. నుదురు పెద్దది. ముక్కు మంచి ముక్కు. పాపం, ఎవరితోనో పోట్లాడి వచ్చినట్టున్నాడు."

మేనేజరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

"పోట్లాడి రాలేదు" అన్నాడు. "ఆ ఫోటోవాడు నవ్వొద్దన్నాడు."

ఈసారి కూడా ఎవరూ నవ్వలేదు. స్టోర్సు అతని మోకాలు ఆగిపోయింది. మేనేజరు కాయితాన్ని అటూ ఇటూ తిప్పాడు. ఆయన మనసు ఇంకెక్కడో ఉంది.

"ఆ రోజు సెలూన్లో..." అన్నాడు.

"మీరు గుడ్డ కప్పుకుని ఉన్నారా సార్?"

"ఉన్నాను."

"కాళ్ళు కనిపించి ఉండవు."

"గడ్డానికి సబ్బు రాశాడు. మాట్లాడలేదు కూడా."

"అయితే మీరక్కడ లేరు సార్."

మేనేజరు ఒక్క నిట్టూర్పు విడిచాడు. ఆరేళ్ళుగా లోపల ఉన్న నిట్టూర్పు అది, కొంచెం పాతబడింది. ఆయన కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి, కుంటుతున్న బల్ల కాలు కింద పెట్టాడు. పరీక్షలమ్మతో, "పన్ను ఊడినా, తల ఊడినా, మీ టిక్ మీరే పెట్టాలి" అన్నాడు. దొరగారితో, "నువ్వు తొంభై మూడో నంబరు ఇంటికి వెళ్ళి, అతను మగవాడేనని అతని భార్య ముందు చెప్పి రా" అన్నాడు. శిక్ష అంతే. అతను ఆ సాయంత్రమే వెళ్ళి చెప్పి వచ్చాడు. ఆవిడ, "ఆ మాట చెప్పడానికి ఆఫీసు నుంచి మనిషి రావాలా?" అంది.

శుక్రవారం ఉదయం అతను భయపడినదే జరిగింది. స్టోర్సు అతను అకౌంట్సు ఆయన చెప్పులు వేసుకుని వచ్చి ముందు నిలబడ్డాడు. కానీ నిలబడ్డప్పుడు కూడా మోకాలు ఊగుతోంది. "కూర్చో" అన్నాడు దొరగారు, పేరు పెట్టి పిలిచి. స్టోర్సు అతను చెప్పులు తిరిగిచ్చేశాడు. ఆ తర్వాత ఎవరూ ఆ ఆట ఆడలేదు. ఇంకొకటి మొదలైంది. మెట్ల మీద ఎదురైనవాళ్ళు, "దొరగారూ, అకౌంట్సునండీ", "దొరగారూ, ఫోన్లు వస్తున్నాయి" అని తమను తాము ప్రకటించుకుంటూ పోవడం. మొదట వెటకారంగా అన్నారు, మధ్యాహ్నానికి అలవాటుగా అన్నారు. మేనేజరు కూడా తలుపు దగ్గర ఆగి, కొంచెం బిడియంగా, "నేను... మేనేజర్ని" అన్నాడు. టప్పూ జర్రూ నడవా మొదట్లోనే వినబడ్డాయి. ఆ సంగతి అతను చెప్పలేదు. "రండి సార్" అన్నాడు.

కోడు మారిపోయింది. ఫోటోకు ఇప్పుడు వరుసతో పని లేదు. ఏ ఫోటో మీద ఏ నంబరు రాసి ఉందో ఆ నంబరు మనిషికే అంటుకుంటుంది. భోజనాలయ్యాక పరీక్షలమ్మ తన కుర్చీ అతని బల్ల పక్కకు లాక్కుని కూర్చుంది. బుగ్గ సగం తగ్గింది. సీసా కుంటి, నిలబడింది.

"ఏదీ, పరీక్షకు రా" అంది.

మొదటి గుండ్రం తెరుచుకుంది.

"ఒకటి. తెలిసినవాడే." టిక్. "రెండు. వీడు మెట్లు రెండేసి ఎక్కుతాడు, ఎప్పుడైనా పడతాడు." టిక్. "మూడు. తాళాలు ఎక్కడ పెట్టాడో తెలియక రోజూ వెతుక్కుంటాడు." టిక్. "ఏడు. ఆ అమ్మాయికి అతికించిన మీసాలు ఈయనవే. మంచివాడు, అప్పు అడగడు."

అతను తెర వైపు చూడటం మానేసి, వినడం మొదలుపెట్టాడు. ఆవిడ ఒక్కొక్కరినీ పిలుస్తోంది, ఒక్కొక్కరికీ ఒక నడక, ఒక దగ్గు, ఒక పిచ్చి అలవాటు ఇస్తోంది. మెట్ల మీద పదకొండేళ్ళుగా అతని పక్కనుంచి వెళ్ళిన నీలం చొక్కాలన్నీ ఒక్కొక్కటే నిండుతున్నాయి. కిటికీలోంచి ఎండ బల్ల ఈ చివర నుంచి ఆ చివరకు జరిగింది. తొంభై మూడు వచ్చినప్పుడు ఆవిడ, "మగాడు" అని మాత్రం అంది. నూట ఎనభై రెండు దగ్గర, "ఈ పిల్ల పాడుకుంటూ పని చేస్తుంది. శ్రుతి ఉండదు" అంది.

రెండువందల పద్నాలుగో టిక్ పడేసరికి అయిదయింది.

"ఆఫీసువాళ్ళవి కూడా పెట్టేద్దాం" అంది. అకౌంట్సు, స్టోర్సు, ఫోన్లు. మేనేజరు దగ్గర, "పోట్లాడి వచ్చినాయన" అంది, టిక్ పెట్టింది. తనది వచ్చినప్పుడు, "ఈవిడకు అప్పటికి పన్ను ఉంది" అంది. అలా పదకొండు అయ్యాయి.

పన్నెండోది తెరిచి, ఆవిడ టిక్ పెట్టలేదు. చెయ్యి ఆపి అతని వైపు తిరిగింది.

"ఇదెవరు?"

అతను తెర దగ్గరికి వంగాడు. రెండు కళ్ళు. ఒక ముక్కు. ఒక చెవి ఇంకో చెవి కంటే కొంచెం కిందికి ఉంది. గుండ్రం చక్కగా కుదిరింది, ఏదీ తెగలేదు. అతను వేళ్ళ మీద మెల్లగా లెక్కపెట్టుకున్నాడు. అకౌంట్సు, స్టోర్సు, ఫోన్లు, మేనేజరు, అక్క, మిగతా ఆరుగురు.

"నేనే అయ్యుండాలి అక్కా" అన్నాడు. "ఇంకెవరూ మిగల్లేదు."

ఆవిడ టిక్ పెట్టింది.